రెండాసుపత్రుల కాలు

మా అక్క కుట్టుమిషను ఆగిందంటే వీధి మొత్తానికి తెలిసిపోతుంది. పాలబండి వెళ్ళాక మొదలవుతుంది. మధ్యాహ్నం భోజనానికి ఒకసారి ఆగుతుంది. మళ్ళీ లైట్లు వేసేదాకా నడుస్తూనే ఉంటుంది. బడిపిల్లల యూనిఫారాలు, దిండు గలీబులు, చిరిగినవి, పొట్టయినవి, ఏది తెచ్చినా కాదనదు. ఆ రోజు పొద్దున చప్పుడు మొదలైంది, నడుమలో తెగింది. దారం తెగి ఆగడం వేరు. అప్పుడు ఒక తిట్టు వినపడుతుంది. ఆ రోజు తిట్టు వినపడలేదు.

కాలువ మీదకు బయల్దేరుతున్నవాణ్ణి మోపెడ్ ఆపి లోపలికి వెళ్ళాను.

అక్క మిషను మీద తల పెట్టుకుని ఉంది. సూది గుడ్డలో దిగి అక్కడే ఉంది. కట్టుకున్న బట్టలు నీళ్ళలో ముంచి తీసినట్టున్నాయి. పిలిస్తే కళ్ళు తెరిచింది గానీ నన్ను చూడలేదు. నా వెనక గోడను చూసింది.

మా వీధి చివరే ఆసుపత్రి. చిన్నాసుపత్రి అంటాం. ఎదురింటి వడ్రంగీ నేనూ కలిసి అక్కను కుర్చీతో సహా మోసుకుపోయాం. డాక్టరమ్మ అప్పుడే తాళం తీస్తోంది. చిన్న వయసు. మా ఊరికి వచ్చినప్పుడు నెలకూడా ఉండదనుకున్నాం, ఉండిపోయింది. వేలికి సూది గుచ్చి చూసి, ఒక్క పరుగున వెళ్ళి పెద్ద సిరంజి తెచ్చి గ్లూకోజు ఎక్కించింది. ఎక్కిస్తుండగానే అక్క కళ్ళలోకి మనిషి తిరిగివచ్చింది.

"ఎవరే నా చెయ్యి పట్టుకుంది?" అంది అక్క.

"నేనే పెద్దమ్మా. పొద్దున ఏం మాత్ర వేసుకున్నావు?"

"నువ్విచ్చిందే తల్లీ. తెల్లది."

"ఇంకేం వేసుకోలేదా?"

"ఎందుకు వేసుకోలేదు? పెద్దాసుపత్రివాళ్ళదీ వేసుకున్నా. పచ్చది. పాపం వాళ్ళు మాత్రం ఊరికే ఇచ్చారా."

డాక్టరమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. ఆ కూర్చోవడం చూస్తే ఎక్కువసేపు నిలబడి అలిసిపోయినదానిలా ఉంది. అప్పటికి ఇంకా రోజు మొదలే కాలేదు.

"రెండూ ఒకటే మందు పెద్దమ్మా. చేసినవాళ్ళు వేరు, రంగు వేరు. అంతే. నువ్వు రోజూ రెండింతలు మింగుతున్నావు."

"ఒకటెలా అవుతుందే? నీది ఒంట్లో ఉన్న షుగరుకి. వాళ్ళది కాల్లోకి దిగిన షుగరుకి."

వడ్రంగి నవ్వాడు. నేను నవ్వలేదు. అక్క చెప్పినదాంట్లో తప్పు ఎక్కడుందో నాకు కనపడలేదు. చిన్నాసుపత్రి చిన్న షుగరు చూస్తుంది, ముదిరితే పెద్దాసుపత్రికి పొమ్మంటుంది. అక్కడ ఇంకో రంగు మాత్ర ఇస్తారు. ఇక ముదిరినదానికే కదా ఆ మాత్ర? మందుల కిటికీలో కూర్చున్నాయన మాత్రలు గలగలలాడించి, "పొద్దున ఒకటి, మానకూడదు" అన్నాడు. అంతకుమించి ఒక్క అక్షరం పలికితే ఆయన నోరు అరిగిపోతుందేమో.

అసలు కాలి సంగతి చెప్పాలి. షుగరువల్ల అక్క పాదాలకు స్పర్శ తగ్గింది. మిషను పెడలుకు ఒకవైపు ఇనుము అంచు లేచింది. అది కుడికాలి బొటనవేలిని రోజూ గీరుతుంటే అక్కకు తెలియలేదు. పెడలు మీద తడి చూసి నూనె కారుతోందనుకుని తుడిచిందట. డాక్టరమ్మ పుండు చూసి భయపడింది. చేతనైనంత కడిగి కట్టు కట్టి, అక్క వాడే మందులూ చేసిన పరీక్షలూ అన్నీ ఒక కాగితం మీద రాసి, పట్నంలో పెద్దాసుపత్రికి పంపింది.

అక్కడ కౌంటరులో మనిషి ఆ కాగితాన్ని చదవలేదు. ఆయన ముందు బల్లమీద మేకులాంటి ఇనపచువ్వ ఒకటుంది. దానికి గుచ్చాడు. అప్పటికే ఆ చువ్వకు ఎన్ని ఊళ్ళ కాగితాలో గుచ్చి ఉన్నాయి. "బయటి కాగితాలు ఇక్కడ చెల్లవు. కొత్త చీటీ రాయించుకోండి" అన్నాడు. మళ్ళీ రక్తం తీశారు. మొన్ననే తీశారని నేనంటే, రక్తం తీసే అమ్మాయి, "అక్కడ తీసింది అక్కడిది, ఇక్కడ తీసింది ఇక్కడిది" అంది. అక్క ఒంట్లో రెండురకాల రక్తం పారుతుందని నాకు అంతవరకూ తెలియదు.

లోపలున్న పెద్ద డాక్టరు మంచివాడే. పుండు తానే కడిగాడు. ముక్కు మూసుకోలేదు. "ఇంతకుముందు ఏం వాడుతున్నావమ్మా?" అని అడిగాడు కూడా. అక్క, "తెల్లమాత్ర బాబూ" అంది. "తెల్లమాత్రలు వెయ్యిరకాలుంటాయమ్మా" అని నవ్వి పచ్చమాత్ర రాశాడు. ఆ తెల్లమాత్ర పేరు రాసిన కాగితం నాలుగు గోడల అవతల చువ్వకు వేలాడుతోంది.

ఇదీ జరిగింది. అందుకే అక్క ఆ పొద్దున మిషను మీద పడిపోయింది.

"పచ్చది మానెయ్యి పెద్దమ్మా" అంది డాక్టరమ్మ.

"ఆయన మానొద్దన్నాడు కదా."

"నేను చెప్తున్నాగా."

"నువ్వు చెప్తే ఆయనది మానాలా? రేపు ఆయన చెప్తే నీది మానాలా? బాగుంది వరస. ఆయన కాలు కడిగాడే. నువ్వేమో ఇప్పుడు ప్రాణం పోశావు. ఎవర్ని కాదనమంటావు? ఇద్దరూ ఒకచోట కూర్చుని ఒక్కమాట చెప్పండి. వింటాను."

వీధిలో అక్కకు జడ్జీగారని పేరు. ఎవరు తగవుపడి వచ్చినా ఒకరి మాట విని తీర్పు చెప్పదు. "రెండోవాణ్ణి కూడా పిలు" అంటుంది. రెండోవాడు రాకపోతే మిషను తొక్కుకుంటూ కూర్చుంటుంది తప్ప నోరు విప్పదు. సొంత ఒంటి విషయంలోనూ అదే పద్ధతి పెడుతుందని నేను అనుకోలేదు.

డాక్టరమ్మ మా ముందే పెద్దాసుపత్రికి ఫోను చేసింది. చాలాసేపు మోగాక ఎవరో ఎత్తారు. పెద్ద డాక్టరుతో మాట్లాడాలంది. వార్డులోకి బయటి ఫోను కలపం అన్నారు. తాను డాక్టర్నే అంది. అవతలివైపు నుంచి వచ్చిన మాట మాకూ వినపడింది.

"అయితే పేషెంటుని పంపండి."

డాక్టరమ్మ ఫోను పెట్టేసింది.

*

నేను కాలువ మీద లస్కర్ని. తూము తలుపులు ఎత్తడం, దించడం నా పని. రోజంతా నీళ్ళను చూసే పని గనక మాటలు తక్కువ, చూపు ఎక్కువ. కొన్నాళ్ళకు మా ఇంటి వెనక నీళ్ళగది గడప దగ్గర చీమలు కనిపించాయి. బారులు కట్టి నీళ్ళు పోయే తూమువైపు పోతున్నాయి. అక్క అక్కడ పంచదార ఒలకబోసే మనిషి కాదు. ఒంట్లో షుగరే అక్కడికి పోతోందన్నమాట.

లోపలికి వెళ్ళి మాత్రల డబ్బా తీసి చూశాను. తెల్లవీ, పచ్చవీ ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి.

"మానేశావా?"

"ఆ."

"ఏది?"

"రెండూ. వాళ్ళు తేల్చుకునేదాకా ఎవరిదీ వద్దు. ఒకళ్ళది వేసుకుని రెండోవాళ్ళని చిన్నబుచ్చనా?"

"నీ కాలేమైపోతుందే?"

"తిడితే తిట్టుగానీ అరవకు, చేతిలో గుండీ జారిపోతుంది" అని సూదిలోకి దారం ఎక్కించుకుంది. కట్టు నుంచి వాసన వస్తోంది. ఆ వాసన తనకు తెలియదా? తెలుసు. మిషను పక్కన అగరువత్తి వెలిగించి పెట్టుకుంది.

మర్నాడు ఒంటరిగా పట్నం వెళ్ళాను. బయటివరసలో నిలబడి నిలబడి పెద్ద డాక్టరు గదిలోకి వెళితే ఆయన నా కాళ్ళవైపు చూశాడు.

"నాకు కాదండీ. మా అక్కకి. మీరూ మా ఊరి డాక్టరమ్మా ఒకసారి మాట్లాడుకుంటే..."

"పేషెంటేదీ?"

"ఇంట్లో ఉందండీ."

"పేషెంటు లేకుండా ఏం మాట్లాడను? ఆ డాక్టర్ని వివరంగా రాసి పంపమను."

"రాసే పంపారండీ. కౌంటరులో చువ్వకి గుచ్చారు."

"అయితే కౌంటరులో అడుగు" అని గంట కొట్టాడు. నా వెనకవాళ్ళు తోసుకుంటూ లోపలికి వచ్చారు. ఆయన్ని తప్పుపట్టడానికి కూడా నాకు చోటు దొరకలేదు. ఆ గదిలో గాలికే చోటు లేదు.

బయటికి వస్తూ వార్డులోకి తొంగిచూశాను. మంచాలన్నీ నిండి, కింద చాపలు. కాలికి కట్టుకట్టుకుని, సాయంత్రం ఇంజక్షను కోసం కాసుకుని పడుకున్నవాళ్ళు. ఒక ముసలాయన మా పక్క ఊరివాడే, కాలువ కింద పొలం ఉంది. "సూది కోసం ఉన్నానయ్యా, ఇంటికి పంపరట" అన్నాడు. పొలం ఎలా ఉందని నన్నడిగాడు. బాగుందని అబద్ధం చెప్పాను.

తిరిగి వస్తుంటే నాకు ఒళ్ళు మండింది. ఎవరిమీద మండాలో తెలియక ఇంకా మండింది. పెద్ద డాక్టరు పని చేస్తున్నాడు. డాక్టరమ్మ పని చేస్తోంది. కౌంటరాయన కూడా పైవాళ్ళు గుచ్చమన్నదే గుచ్చుతున్నాడు. పెద్దకాలువలో నీళ్ళున్నాయి, పిల్లకాలువ బాగానే ఉంది, నడుమ తూము మాత్రం ఎవరూ కట్టలేదు. కట్టకుండానే రెండుచోట్లా రిబ్బన్లు కత్తిరించి ఫొటోలు దిగారు. ఇక కింద చేను ఎండిందంటే ఎవరి తప్పు? చేనుదేనంటారు. పచ్చమాత్ర, తెల్లమాత్ర రెండూ మింగిన చదువురాని ఆడదానిదేనంటారు.

పైపొలంవాడూ కిందిపొలంవాడూ నీళ్ళకోసం కొట్టుకుంటే నాదొక పద్ధతి. ఇద్దరూ వచ్చి తూము మీద నిలబడేదాకా తలుపు ముట్టుకోను. ఒకడి కబురు రెండోవాడికి మొయ్యను. మోస్తే దారిలో ఆ కబురు నాదైపోతుంది. నేను పట్నం వెళ్ళి చేసింది ఆ కబురు మొయ్యడమే. అది పని కాదని నాకు ముందే తెలియాల్సింది.

ఆ మధ్యాహ్నం చిన్నాసుపత్రిలో చివరి మనిషి వెళ్ళిపోయేదాకా బెంచీ మీద కూర్చున్నాను.

"ఏంటి బాబాయ్?" అంది డాక్టరమ్మ.

"బండెక్కండమ్మా."

"ఎక్కడికి?"

"పట్నం. అక్క రెండూ మానేసింది."

ఆమె ముఖంలో రంగు మారింది. "అనుమతి లేకుండా నేను ఊరు దాటకూడదు బాబాయ్. పైకి రాయాలి. వాళ్ళు ఇంకా పైకి రాయాలి."

నేను బెంచీ మీంచి లేవలేదు. ఆమె గదిలోకి వెళ్ళి ఏదో సర్దింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ వెళ్ళింది.

"ఇలా కూర్చుంటే ఎలా?"

"అక్కకి వాసన వస్తోందమ్మా."

డాక్టరమ్మ తెల్లకోటు విప్పి మేకుకు తగిలించి, గదికి తాళం వేసింది. వడ్రంగి తన ట్రాలీ ఆటోలో అక్కను ఎక్కించుకుని ముందు వెళ్ళాడు. నా మోపెడ్ వెనక డాక్టరమ్మ. దారంతా గతుకుల్లో నా భుజం పట్టుకుంది.

*

పెద్దాసుపత్రి గుమ్మంలో బంట్రోతు అడ్డం పడ్డాడు.

"ఎవరు కావాలి?"

"డాక్టరుగారిని కలవాలి. నేనూ డాక్టర్ని" అంది డాక్టరమ్మ.

"గుర్తింపు కార్డు?"

చూపించింది. అటూ ఇటూ తిప్పాడు. "ఇది చిన్నాసుపత్రులది. ఇక్కడ పనికిరాదు. స్టాఫు దారి అటు, కానీ మీరు మా స్టాఫు కాదు. పేషెంట్ల దారి ఇటు, చీటీ ఉండాలి."

"నేను పేషెంటుని కాను."

"మరయితే మీకు దారి లేదమ్మా" అన్నాడు. కోపంతో కాదు, జాలిగానే అన్నాడు. నిజంగానే లేదు. అంత పెద్ద భవనంలో ఒక డాక్టరు ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి దారి పెట్టలేదు.

ఆటోలో కూర్చున్న అక్క ఇదంతా వింటోంది. "ఏం చోద్యంరా ఇది? ఆ పిల్ల పేరున చీటీ రాయించు, పోనీ" అంది.

రాయించాం. వరసలో డాక్టరమ్మే నిలబడింది. ముందున్న ముసలామె, "నీకేంటమ్మా జబ్బు, పచ్చగా ఉన్నావు, నీళ్ళు పోసుకున్నావా?" అని అడిగింది. డాక్టరమ్మకు ఏడుపో నవ్వో తెలియనిది ఒకటి వచ్చింది. కౌంటరాయన పేరు, వయసు రాసుకున్నాడు.

"జబ్బు?"

డాక్టరమ్మ తడుముకుంది. వెనకనుంచి అక్క, వడ్రంగి భుజం మీద చెయ్యేసి నిలబడ్డదల్లా, అందుకుంది.

"చిన్నాసుపత్రి అని రాయి నాయనా."

"అలాంటి జబ్బు లేదు."

"ఎందుకు లేదు? మాకందరికీ ఉంది. నొప్పి అని రాసుకో పోనీ."

ఆయన నొప్పి అని రాశాడు. ఎక్కడ నొప్పో అడగలేదు.

మా వంతు వచ్చింది. పెద్ద డాక్టరు కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని మా వంక చూశాడు. డాక్టరమ్మ తన ఊరు చెప్పింది, పేరు చెప్పింది. ఆయన కలం పక్కన పెట్టాడు.

"ఆ కాగితాల కింద సంతకం... మీరేనా?"

"మీరు చూశారా సార్?"

"ఒకటి రెండు. చువ్వ నిండినప్పుడు కింద పడితే. చక్కగా రాస్తారు. ఎవరో రిటైరయిన పెద్దాయన అనుకున్నాను."

ఎన్నాళ్ళనుంచో ఆమె మనుషుల్ని పంపుతోంది, ఆయన చూస్తున్నాడు. ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూడడం అదే మొదలు. మా డాక్టరమ్మ ముఖం కందిపోయింది.

నేను తెల్లమాత్ర, పచ్చమాత్ర బల్లమీద పక్కపక్కన పెట్టాను. ఆయన రెండిటినీ చూశాడు. అక్క కాలు చూశాడు. కట్టు విప్పుతుంటే ఆయన చేతులు నెమ్మదించాయి.

"ఎన్నాళ్ళనుంచి మందు లేదు?"

"తీర్పుకోసం ఆగా బాబూ" అంది అక్క.

అప్పుడు వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారు. బంట్రోతు ఆయనకి టీ తెచ్చి పెట్టాడు. మాత్రలు రెండూ ఆపి, పుండు మానేదాకా ఇంజక్షను మంచిదన్నాడాయన. అయితే అందుకోసం వార్డులో ఉంచాలన్నాడు.

"ఎందుకు సార్? నేనిస్తాను."

"మందు చల్లగా ఉంచాలి కదా. మీ దగ్గర ఫ్రిజ్ ఎక్కడిది?"

"పిల్లల టీకాలకి ఉంది సార్. ప్రతి చిన్నాసుపత్రిలోనూ ఉంటుంది."

ఆయన కళ్ళజోడు నుదుటి మీంచి తీసి బల్లమీద పెట్టాడు. "నాకు తెలియదు" అన్నాడు. వార్డులో మంచాలమీదా చాపలమీదా సూదికోసం కాసుకుని పడుకున్నవాళ్ళు ఆయనకు గుర్తొచ్చారనుకుంటాను. నాకు మా కాలువ కింద ముసలాయన గుర్తొచ్చాడు.

కట్టు ఊళ్ళోనే కడతానంది డాక్టరమ్మ. పుండు ఏ రంగులోకి మారితే పంపాలో ఆయన చెప్పాడు. దేనికి పంపనక్కర్లేదో కూడా చెప్పాడు. ఇద్దరూ ఒకే కాగితం మీద సంతకాలు చేశారు. టీ చల్లారలేదు. అంతసేపే పట్టింది.

"ఇక చెప్పండి. ఇద్దరూ చెప్పండి" అంది అక్క.

"మాత్రలు ఆపమ్మా. సూది వేయించుకో" అన్నాడాయన.

"మాత్రలు ఆపు పెద్దమ్మా. సూది నేనేస్తాను" అంది డాక్టరమ్మ.

"అలాగే. వింటాను." అక్క ఆ తరవాత బల్లమీదున్న టీ కప్పు వంక చూసింది. "ఇంతేనా? ఈ మాటకేనా నన్ను ఇన్నాళ్ళు తిప్పింది? ఆ కప్పులోంచి ఇంకా పొగ వస్తోంది చూడు."

పెద్ద డాక్టరు చెప్పవలసిన రెండోమాట చెప్పాడు. కాలు దక్కుతుంది. బొటనవేలు దక్కదు. ముందుగా వచ్చుంటే అదీ దక్కేది.

"ముందే వచ్చానుగా బాబూ" అంది అక్క. "నేనెప్పుడో వచ్చాను. మీరిద్దరే రాలేదు."

తలుపు తెరిచి ఉండడంతో వరసలో ఉన్నవాళ్ళంతా విన్నారు. ఒకామె సంచీలోంచి రెండు పొట్లాలు తీసి, "నావీ చూడు తల్లీ, ఇవి కూడా రెండూ ఒకటేనా?" అంది. ఆమె వెనకాయన ఇంకో రెండు తీశాడు. నిమిషంలో ఆ వరస నిండా చేతులు, చేతుల్లో పొట్లాలు. పెద్ద డాక్టరు పక్కనున్న కుర్చీ మీంచి పాత కాగితాలు తీసి కిందపెట్టి, "కూర్చోండి" అన్నాడు డాక్టరమ్మతో. సాయంత్రందాకా ఇద్దరూ కలిసి చూశారు. మధ్యలో సూపరింటెండెంటు తలుపు దగ్గరికి వచ్చి, "ఈవిడెవరు? ఏ ఆర్డరు మీద కూర్చుంది?" అని అడిగాడు.

"పేషెంటండీ. చీటీ ఉంది" అన్నాడు పెద్ద డాక్టరు.

ఆయన చీటీ చూశాడు. నొప్పి అని ఉంది. సంతకం ఉంది. ముద్ర ఉంది. వెళ్ళిపోయాడు.

*

అక్క వేలు తీసేశారు. డాక్టరమ్మే కట్టు కడుతోంది. మా ముసలాయనా ఇంటికొచ్చాడు, పొలం చూసుకుని నన్ను తిట్టాడు. వారానికో మధ్యాహ్నం డాక్టరమ్మ పట్నం వెళ్ళి, వరసలో నిలబడి, నొప్పి అని చీటీ రాయించుకుని, ఆ కుర్చీలో కూర్చునేది. జబ్బుమనిషిలా నటిస్తే తప్ప వైద్యం చెయ్యడానికి వీల్లేని ఏర్పాటు అది. నటించి అయినా చేస్తోందని మేం సంతోషించాం. సంతోషించినందుకు ఇప్పుడు సిగ్గేస్తోంది. అంత చిన్నదానికి సంతోషించేలా మమ్మల్ని చేశారు.

చీటీల సంగతి పైకి తెలిసింది. విచారణకు ఒక అధికారి వచ్చాడు. సన్నటి మనిషి. తన నీళ్ళు తానే ఫ్లాస్కులో తెచ్చుకున్నాడు, మా నీళ్ళమీద నమ్మకం లేక. చిన్నాసుపత్రిలో డాక్టరమ్మ బల్లకి అవతల ఆమె కుర్చీలో ఆయన కూర్చున్నాడు. ఆమె నిలబడింది. కిటికీల నిండా ఊరి ముఖాలు. బెంచీ మీద అక్క, పక్కన నేను.

"మీకు జబ్బుగా ఉందా?" అని అడిగాడు.

"లేదు సార్."

"అయితే తప్పుడు చీటీ తీసుకున్నారు. జబ్బుగా ఉంటే సెలవు పెట్టాలి, పెట్టలేదు. రెండిట్లో ఏ తప్పో మీరే చెప్పండి, అది రాసుకుంటాను."

"మూడోది రాసుకో బాబూ" అంది అక్క. "ఆ పిల్లకి లోపలికెళ్ళే దారి లేదని రాసుకో."

"ఎవరమ్మా నువ్వు?"

"జడ్జీగారండీ" అని కిటికీలోంచి వడ్రంగి. నవ్వులు.

అధికారి నవ్వలేదు. "చూడమ్మా, పెద్దాసుపత్రి మా పరిధి కాదు. దానికి ఆఫీసు వేరు, భవనం వేరు, పద్దు వేరు. మేం చిన్నాసుపత్రుల వరకే. అక్కడ దారి ఉందా లేదా అన్నది మేం అడగకూడదు."

"వాళ్ళడుగుతారా?"

"వాళ్ళు మా గురించి అడగరు."

"మీరిద్దరూ ఎప్పుడైనా కలుసుకుంటారా?"

ఆయన ఫ్లాస్కు మూత బిగించుకున్నాడు. "అలాంటి పద్ధతి లేదు."

అక్క నా భుజం పట్టుకుని లేచింది. మడమ మీద నడుస్తూ బల్లదాకా వెళ్ళింది. స్టూలు లాక్కుని కూర్చుని, కుడికాలు ఎత్తి ఆయన కాగితాల మీద పెట్టింది. కట్టు శుభ్రంగా ఉంది. వేలు ఉండవలసినచోట కట్టు చదునుగా ఉంది. అధికారి కుర్చీ వెనక్కి జరిగింది.

"ఏంటిది? కాలు దించమ్మా."

"మందు వీళ్ళిచ్చారు. కోసింది వాళ్ళు. కట్టు మళ్ళీ వీళ్ళు. ఈ కాలు ఏ ఆఫీసు కిందకొస్తుంది బాబూ?"

"ముందు కాలు దించు."

"నీ ఒక్కడి మాటమీద ఎలా దించుతాను?" అంది అక్క. "ఆ రెండో ఆఫీసాయన్ని కూడా పిలు. ఇద్దరూ కలిసి చెప్పండి, దించుతాను."

ఆయన నా వైపు చూశాడు, తమ్ముణ్ణి కదా, తీసుకుపోతానని. నేను బెంచీ మీంచి లేవలేదు.

కాసేపటికి ఆయన జేబులోంచి ఫోను తీసి, నంబరు వెతకడం మొదలుపెట్టాడు. రెండో ఆఫీసు నంబరు ఆయన దగ్గర లేదు. డాక్టరమ్మను అడిగాడు.